అంకెలు లేని రాళ్ళు

శుక్రవారం పొద్దున ఏడింటికి బయల్దేరాలనుకున్నారు. ఏడూ ఇరవైకి బెనిల్దె ఇంకా గ్యాసు కట్టేశానా లేదా అని మూడోసారి వంటింట్లోకి వెళ్ళింది. కూతురు నీవెస్ కింద వీధిలో కారు తలుపు తెరిచి పెట్టుకుని, మేడ మీది కిటికీ వైపు చూస్తూ మనసులో పది దాకా లెక్కపెట్టింది. పది అయ్యాక మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.

బెనిల్దెకి అరవై మూడేళ్ళు. లియోన్‌లో, చేపల బజారు వెనక సందులో, గుండీలు, దారాలు, లేసులు అమ్మే కొట్టు ముప్ఫై ఏళ్ళు నడిపింది. మొగుడు గస్పార్ పోయి తొమ్మిదేళ్ళయింది. మర్నాడు శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి ఆవిడ మళ్ళీ పెళ్ళి చేసుకోబోతోంది. పెళ్ళికొడుకు కసియానో ఉండేది దక్షిణాన, సాఫ్రాలో. పెద్దవయసు వాళ్ళని చలికాలంలో ప్రభుత్వం సముద్రం ఒడ్డుకి తీసుకెళ్తుంది కదా, ఆ యాత్రలో పరిచయం. హోటల్లో భోజనాలయ్యాక పేకాటలో బెనిల్దె ముక్క దాచేసింది. కసియానో చూశాడు. చూసీ చూడనట్టు ఊరుకుని ఓడిపోయాడు. "అట్లాంటి మగాడు ఈ దేశంలో ఇంకొకడు లేడు" అంది బెనిల్దె ఇంటికొచ్చి.

నీవెస్‌కి ముప్ఫై ఏడు. ఒక వకీలు దగ్గర టైపు చేస్తుంది. తల్లితోనే ఉంటుంది. ఈ పెళ్ళి ఆమెకి ఇష్టం లేదు. ఆ సంగతి పైకి ఒక్కసారి కూడా అనలేదు. సెలవు పెట్టింది, కారు తనే నడుపుతానంది, తల్లి పెళ్ళి గౌను తనే ఇస్త్రీ చేసింది. చేస్తూ చేస్తూ చేతి మీద రెండుచోట్ల కాల్చుకుంది. మే నెలలో పెట్టుకున్న తేదీ ఆమెకి జ్వరమొచ్చి తప్పిపోయింది. ఇది రెండోది. "ఈసారి కూడా తప్పితే నేను పెళ్ళి చెయ్యను. దేవుడికే ఇష్టం లేదనుకుంటాను" అని సాఫ్రా ఫాదరు కబురు చేశాడు.

బెనిల్దె ఎట్టకేలకు కిందికి దిగి, గౌనుని కారు వెనక అద్దానికి అడ్డంగా వేలాడదీసింది.

"అమ్మా, అది తియ్. వెనకొచ్చే బండి కనపడదు."

"వెనకొచ్చే వాడితో మనకేం పని? మనం ముందుకి కదా పోతున్నాం."

"మడిచి ఒళ్ళో పెట్టుకో."

"నలుగుతుందే. నలిగిన గౌనులో నన్ను చూస్తే అక్కడి ఆడాళ్ళు ఏమంటారు?"

"అరవై మూడేళ్ళ పెళ్ళికూతురు వస్తే గౌను ఎవరు చూస్తార్లే."

ఊరి చివర వంతెన దాటుతుండగా ఈ మాట పడింది. పడగానే ఎదర తిన్నగా ఉన్న రోడ్డు కొంచెం సాగింది. నీవెస్ చూసింది. బెనిల్దె కూడా చూసింది.

ఆ దారి సంగతి అందరికీ తెలిసిందే. ఉత్తరాన సముద్రం దగ్గర మొదలై దక్షిణాన సెవిల్ దాకా పోయే ఆ పాత రోడ్డు, బండిలో వాళ్ళు గొడవపడితే పొడుగవుతుంది. రెండు వందల నాలుగో కిలోమీటరు రాయి దాటాక రెండు వందల అయిదు రావాలి కదా. రాదు. మధ్యలో అంకె లేని తెల్లరాళ్ళు వస్తాయి. చిల్లర గొడవకి మూడో నాలుగో, ఆస్తి గొడవకి ముప్ఫై నలభై. అందుకే ఆ దారిన తిరిగే బస్సుల్లో ఉమ్మరాదు అన్నదాని కిందే పోట్లాడరాదు అని రాసి ఉంటుంది. పొలం పంచుకోవడానికి వెళ్ళే అన్నదమ్ములు ఒకే బండెక్కరు. కొత్తగా పెళ్ళయిన జంటలు లియోన్‌లో కాఫీ తాగి బయల్దేరి సెవిల్‌లో మధ్యాహ్నం భోజనానికి దిగుతారు. తిరుగు ప్రయాణానికి మాత్రం వాళ్ళకీ రెండ్రోజులు పడుతుంది. రైలుకి ఈ జబ్బు లేదు గానీ, రైలు ఆపేసి నాలుగేళ్ళయింది.

బెనవెంతె చేరేసరికి పదిన్నర. మామూలుగా గంట దారి. పెట్రోలు బంకులో లావుపాటి మనిషి గొట్టం చేత్తో పట్టుకుని కిటికీలోకి వంగాడు.

"ఎంతవరకూ?"

"సాఫ్రా" అంది నీవెస్.

"పక్కనున్నావిడ?"

"మా అమ్మ."

అతను ఇంకేమీ అడక్కుండా ట్యాంకు నింపి, డిక్కీ తెరిచి రెండు డబ్బాలు కూడా నింపాడు.

"నేను పెళ్ళికూతుర్ని" అంది బెనిల్దె కిటికీలోంచి తల బయటపెట్టి.

"శుభం, అమ్మగారూ. అయితే మూడో డబ్బా కూడా ఉంచండి."

కారు కదలగానే నీవెస్ అందుకుంది. "దారిన పోయే ప్రతివాడికీ చెప్పాలా?"

"శుభవార్త చెప్పకుండా కడుపులో పెట్టుకుంటే కుళ్ళిపోతుంది."

"వాడు నవ్వుతున్నాడమ్మా."

"నవ్వితే మంచిదే కదా. నీ మొహం చూసి ఎవడైనా నవ్వాడా ఇవాళ?"

నాలుగు తెల్లరాళ్ళు. ఆ తర్వాత ఇంకో ఆరు.

సమోరలో భోజనానికి ఆగారు. బెనిల్దె ఇంటి నుంచి తెచ్చిన బంగాళదుంప అట్టు డబ్బా తీసి హోటలు బల్ల మీద పెట్టింది. సర్వరు చూస్తున్నాడమ్మా అంది నీవెస్. చూడనీ, ఆకలేస్తే వాడికీ పెడతాను అంది తల్లి. నిజంగానే పెట్టింది. అతను తిని, ఉల్లిపాయ వెయ్యలేదేమండీ అన్నాడు. ఉల్లిపాయ వెయ్యాలా వద్దా అన్నదాని మీద అతనూ బెనిల్దే ముప్పావుగంట వాదించుకున్నారు. నీవెస్ బయటికొచ్చి, కాలిపోతున్న కారు మీద చెయ్యి పెట్టి చురుక్కుమని తీసేసి, నదికేసి చూస్తూ నిలబడింది. చర్చి గోపురం మీద కొంగలు ముక్కులు టకటకలాడిస్తున్నాయి. వాటి మీద కూడా కోపమొచ్చింది ఆమెకి.

సలమాంకలో దిగేసరికి సాయంత్రం ఏడు. పొద్దల్లా ప్రయాణం చేసి దారిలో మూడో వంతు వచ్చారు. ఇక రాత్రికి ఆగక తప్పలేదు. చిన్న వీధులు, అన్నీ ఒక వైపే పోనిచ్చేవి. ఒకే చర్చి చుట్టూ నాలుగుసార్లు తిరిగారు. నాలుగోసారి అక్కడ మెట్ల మీద కూర్చున్న కుర్రకారు లేచి చప్పట్లు కొట్టారు. బెనిల్దె వాళ్ళకి చెయ్యి ఊపింది. నీవెస్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

లాడ్జి నడిపే ఆవిడ ఇద్దరినీ ఎగాదిగా చూసి రెండు తాళంచెవులు తీసింది. "మాకు ఒక గది చాలు" అంది బెనిల్దె. "చాలదండీ" అంది ఆవిడ. "మీ ఇద్దరికీ ఒకే గదిచ్చానంటే రేపు పొద్దున మా వీధి చివరికి కూడా చేరలేరు."

హాల్లో ఉన్న ఫోన్ నుంచి బెనిల్దె సాఫ్రాకి చేసింది. పక్కనే మెట్ల మీద కూర్చున్న నీవెస్‌కి అవతలి గొంతు సన్నగా వినపడుతోంది.

"ఏ రాయి దగ్గరున్నావు?" అన్నాడు కసియానో.

"మూడు వందల నలభై. సలమాంక."

"బాగా వచ్చారే."

"ఏం బాగా? ఏడింటికి బయల్దేరాం పొద్దున!"

"మా చెల్లెలూ వాళ్ళాయనా కిందటి వారం ఇరవై కిలోమీటర్లు పోవడానికి సాయంత్రమయింది. మీరు నయం. అన్నం తిను, పడుకో."

తల్లి ఫోన్ పెట్టేసి ఊరికే చిరునవ్వు నవ్వుకుంటోంటే నీవెస్‌కి ఎక్కడో మండింది. ఆలస్యమయినందుకు కూడా కోపం రానివాడు మనిషేనా?

శనివారం పొద్దున అయిదింటికే లేచారు. కారెక్కే ముందు ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు. సాఫ్రా వచ్చేదాకా నోరు విప్పకూడదు. ఆ మాటమీదే ఉన్నారు. బెనిల్దె పెదాలు బిగించి, ఒళ్ళో చేతులు కట్టుకుని కూర్చుంది. నీవెస్ రోడ్డు తప్ప ఇంకేమీ చూడలేదు. తెల్లారింది, కొండలు కనపడ్డాయి, కొండలు దగ్గరికి రాలేదు. మూడు వందల డెబ్భై ఎనిమిది తర్వాత ఒక తెల్లరాయి, ఇంకో తెల్లరాయి, పది, పదిహేను. బెహర్ అన్న ఊరు భూమ్మీద ఉందో లేదో అన్నంత సేపు పట్టింది. ఒక్క మాట కూడా అనలేదే! నీవెస్ స్టీరింగు మీద అరచేత్తో కొట్టింది. అయినా మాట్లాడలేదు.

బెహర్ దాటి కొండ దిగాక, రోడ్డు పక్కన ఒకావిడ బుట్టల్లో చెర్రీలు పెట్టుకుని కూర్చుంది. నీవెస్ కారాపి దిగి, అడగాల్సిన పండ్ల ధర అడక్కుండా, "ఏంటండీ ఈ దారి? మేం నోరు మూసుకునే వస్తున్నాం!" అని అరిచింది.

చెర్రీల ఆవిడ ఆశ్చర్యపోలేదు. రోజూ వినే మాటే అన్నట్టు తలాడించింది.

"దారికి చెవులుండవు తల్లీ. నువ్వు నోరు తెరిచావో మూశావో దానికేం తెలుస్తుంది?"

"మరి?"

"బండి బరువే తెలుస్తుంది. అనేసిన మాట కిటికీలోంచి పోతుంది. మింగిన మాట బండిలోనే ఉంటుంది." ఒక దోసెడు చెర్రీలు కాగితంలో చుట్టి చేతిలో పెట్టింది. "తింటూ పోండి. గింజలు బయటికి ఉమ్మండి. కొంచెం తేలికవుతుంది."

ప్లసెన్సియలో ఒక కాఫీకొట్టు నుంచి బెనిల్దె మళ్ళీ ఫోన్ చేసింది. తొమ్మిదిన్నర. ఇంకా రెండు వందల పది కిలోమీటర్లు, అదీ రాళ్ళ లెక్కన. అందుతామో లేదో అని ఆవిడ మొదటిసారిగా అంది. "ముందు మీరు బయల్దేరండి" అన్నాడు కసియానో. "నేను కూడా చొక్కా వేసుకుని బయల్దేరతా." ఎక్కడికి అని అడిగేలోపు చిల్లర అయిపోయి ఫోన్ కట్టయింది.

ఇక చెట్లూ చేమలూ పలచబడ్డాయి. ఓక్ చెట్ల కింద నల్లపందులు నీడకి పడుకుని ఉన్నాయి. నాలుగు వందల తొంభై ఎనిమిదో రాయి కనుచూపు మేరలో ఉండగా, ఢామ్మని కారు వెనక చక్రం పేలింది.

జాకీ డిక్కీ అడుగున ఉంది. దాని పైన కుట్టు మిషను. దాని పైన రెండు దుప్పట్లు, ఇత్తడి దీపస్తంభం, గస్పార్ కాలం నాటి రేడియో. వాటన్నిటి మీదా ఒక రేకు పెట్టె. నీవెస్ ఒక్కొక్కటీ తీసి రోడ్డు పక్కన పెట్టింది. రేకు పెట్టె ఎత్తబోతే చెయ్యి జారింది. మూత ఊడి, ఎనిమిది కిలోల గుండీలు రోడ్డు మీద పడి, నలుమూలలా దొర్లుకుంటూ పోయాయి.

"ఎందుకమ్మా ఇవి?" అని అరిచింది నీవెస్. "సాఫ్రాలో గుండీలు దొరకవా?"

"నావి దొరకవు."

"కుట్టు మిషను తెచ్చుకున్నావు. నాన్న రేడియో తెచ్చుకున్నావు. పగిలిన గుండీలు కూడా తెచ్చుకున్నావు. ఒక్క నన్నే వదిలేశావు అక్కడ."

"నిన్ను రావద్దన్నానా?"

"వచ్చి ఏం చెయ్యను? మీ ఇద్దరికీ పేకముక్కలు పంచనా?"

దూరంగా కనపడుతున్న నాలుగు వందల తొంభై ఎనిమిదో రాయి ఇంకొంచెం దూరం జరిగింది. మోకాళ్ళ మీద కూచుని గుండీలు ఏరుతున్న బెనిల్దె తలెత్తి చూసింది గానీ, ఆగలేదు.

"ముప్ఫై ఏడేళ్ళు వచ్చాయి నీకు. నీ బతుకు నువ్వు బతకడానికి నేనడ్డమా?"

"పెళ్ళి చేసుకుందాం, బిల్బావోకి వచ్చెయ్ అని ఎలాదియో అడిగినప్పుడు నాకు ఇరవై తొమ్మిది. అతనికి ఉద్యోగం వచ్చింది, ఇల్లు చూశాడు, టికెట్టు కూడా పంపాడు. ఎవరి కోసం ఆగిపోయాను?"

"ఆగమన్నానా? ఒక్కనాడన్నా నోరు తెరిచి ఆగమన్నానా?"

"నోరు తెరవలేదు. గుండె పట్టుకుని వంటింట్లో పడిపోయావు."

రాయి కనుమరుగైపోయింది. రోడ్డు వేడికి అలల్లాగా కదులుతూ ఎటూ అంతులేకుండా ఉంది. నీవెస్ జాకీ తిప్పుతూ వేలి కణుపు చెక్కుకుపోయి నెత్తురొస్తే, దాన్ని నోట్లో పెట్టుకుని, ఏడుపు రాకుండా చక్రాన్ని తన్నింది. బెనిల్దె చెట్టు నీడకి పోయి కూలబడింది. ఒళ్ళో గుండీలు. చాలాసేపు వాటిని అటూ ఇటూ కలిపింది.

"ఆ నొప్పి లేదే" అంది చివరికి.

"ఏంటి?"

"ఆ రోజు నాకు గుండె నొప్పి లేదు. ఊరికే పడిపోయాను." ఆవిడ కూతురి వైపు చూడలేదు. "మీ నాన్న పోయి ఏడాది. కొట్టు మూసి మెట్లెక్కి వస్తుంటే లోపల్నుంచి నీ టైపు చప్పుడు వినపడేది. అది వినపడని ఇంట్లోకి తాళం తీసుకుని ఎలా వెళ్తానా అని భయం పట్టుకుంది. టికెట్టు బల్ల మీద ఉంది. దాన్ని చూశాను, పడిపోయాను. పడ్డాక ఇక లేవడానికి సిగ్గేసింది."

పందులు గుర్రుమంటున్నాయి. నీవెస్ జాకీ కిందపెట్టింది. వచ్చి తల్లికి కొంచెం ఎడంగా నేల మీద కూర్చుంది.

"నాకు తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"ఆ సాయంత్రమే డాక్టరు చెప్పాడు. మీ అమ్మది గుర్రం గుండె, ఏమీ లేదు, నువ్వు నిశ్చింతగా వెళ్ళు అన్నాడు."

బెనిల్దె నోరు తెరిచింది.

"మరి ఎందుకు పోలేదే?"

"భయమేసింది. కొత్త ఊరు, వాళ్ళమ్మ, వాళ్ళ అక్కలు. అక్కడికెళ్ళాక అతనికి నేను నచ్చకపోతే? నువ్వు పడిపోగానే నాకు లోపల హాయిగా అనిపించిందమ్మా. వెళ్ళక్కర్లేదు కదా అని. అప్పట్నుంచీ నీ వల్లే ఆగిపోయానని అనుకుంటూ వచ్చాను. అలా అనుకుంటే బాగుండేది. ఇప్పుడు నువ్వు వెళ్ళిపోతే ఇంక ఎవరి వల్ల అనుకోను?"

"ఎనిమిదేళ్ళు" అంది బెనిల్దె మెల్లగా. "ఎనిమిదేళ్ళు ప్రతి పొద్దునా నీ మంచం దగ్గరికి కాఫీ తెచ్చిచ్చాను. ఆ పాపం కడుక్కోవడానికి."

"తెలుసు."

"తెలిసే తాగావా?"

"కాఫీ బాగుండేది."

బెనిల్దె ఒళ్ళోంచి ఒక పెద్ద కోటుగుండీ తీసి కూతురి మీదికి విసిరింది. గురి తప్పింది. ఇంకోటి విసిరింది, అది భుజానికి తగిలింది. మూడోది విసరబోయి, చెయ్యి అలాగే పట్టుకుని, ఏడ్చింది. నీవెస్ జరిగి దగ్గరగా కూర్చుంది. ఏడవద్దని అనలేదు. తను కూడా ఏడ్చింది కాసేపు. ఇద్దరికీ ఒకే చేతిరుమాలు, దాన్నిండా చెర్రీ మరకలు.

తర్వాత నీవెస్ లేచి చక్రం బిగించింది. చేతి గడియారం పదకొండూ ఇరవై చూపించింది. ఎటు చూసినా రాయి లేదు, ఊరు లేదు. ఇక అందదని ఇద్దరికీ తెలుసు.

"పోనీలే" అంది బెనిల్దె. గౌను నలిగిందేమోనని కూడా చూసుకోలేదు.

అప్పుడు ఎదర రోడ్డు మీద ఒక మనిషి నడిచి రావడం కనిపించింది. పొట్టి మనిషి. ముదురు నీలం సూటు, కోటు విప్పి చేతి మీద వేసుకున్నాడు. బూట్ల నిండా దుమ్ము. తొందర లేకుండా, ఆగకుండా వస్తున్నాడు.

"కసియానో!" బెనిల్దె జుట్టు సవరించుకుంది. "పెళ్ళికి ముందు చూడకూడదయ్యా నన్ను!"

"కళ్ళు మూసుకుని నడిస్తే గుంటలో పడతా" అన్నాడు అతను. దగ్గరికి వచ్చి, ఇద్దరి మొహాలూ, రోడ్డు పక్కన కుట్టు మిషనూ, దీపస్తంభమూ చూసి ఏమీ అడగలేదు. వంగి గుండీలు ఏరడం మొదలుపెట్టాడు.

"ఎక్కడ్నుంచి నడిచొస్తున్నారు?" అంది నీవెస్.

"ఇంటి నుంచేనమ్మా. పదకొండింటికి బయల్దేరా."

"ఇక్కడ్నుంచి సాఫ్రా నూట ఎనభై కిలోమీటర్లండీ!"

"మీ వైపు నుంచి అంతే ఉంటుంది" అన్నాడు కసియానో. "నా వైపు నుంచి ఆ మలుపే. మలుపు తిరిగితే మా కోట బురుజు కనపడుతుంది."

నీవెస్ అతన్నే చూస్తూ ఉండిపోయింది. గుండీ ఒకటి తీసి, అరచేతిలో వేసుకుని, కన్నాలు లెక్కపెట్టి, రెండు కన్నాలవి ఒక జేబులో, నాలుగు కన్నాలవి ఇంకో జేబులో వేసుకుంటున్నాడు. పెళ్ళికి అరగంట కూడా లేదు.

"మీకు కోపం రాదా?" అంది. "రెండోసారి ఆలస్యం చేశాం. మే నెలలో నాకు జ్వరం కూడా..." ఆగింది. "అంత జ్వరమేం కాదది."

"రైలు గేటు దగ్గర నలభై ఏళ్ళు చేశానమ్మా" అన్నాడు అతను గుండీలు ఏరుతూనే. "గేటు వేస్తే నన్ను తిట్టేవాళ్ళు. తీస్తే, ఇంకా ముందే తియ్యలేదేమని తిట్టేవాళ్ళు. రైలు ఆలస్యమైతే అది కూడా నేనే చేశాననేవాళ్ళు. మొదట్లో రెండేళ్ళు నేనూ తిరిగి తిట్టా. రైలు ఏం తొందరగా రాలేదు."

బెనిల్దె ఫక్కున నవ్వింది. నీవెస్ నవ్వలేదు గానీ, వంగి, అతనికి అందని ఒక గుండీ కారు కిందనుంచి తీసి అతని చేతిలో పెట్టింది.

"నాలుగు కన్నాలది" అంది.

సామానంతా డిక్కీలోకి ఎక్కించి ముగ్గురూ కారెక్కారు. మలుపు తిరిగారు. బురుజు కనిపించింది, దాని కింద తెల్లటి ఇళ్ళు, సంత జరిగే మైదానం, చర్చి ముందు ఎండలో విసనకర్రలు ఊపుకుంటూ ఇరవైమంది జనం. మధ్యలో రావాల్సిన కాసెరెస్, మెరిద ఊళ్ళు ఎటు పోయాయో ఎవరూ అడగలేదు. బెనిల్దె ఒక పక్కింటి వాళ్ళ గదిలో గౌను మార్చుకుంది. పన్నెండూ అయిదుకి ఫాదరు సణుక్కుంటూ పుస్తకం తెరిచాడు. సాక్షి సంతకం నీవెస్ పెట్టింది. పెళ్ళికొడుకు ఉంగరం కోసం జేబులో చెయ్యి పెట్టి ముందు రెండు గుండీలు తీశాడు.

ఆదివారం భోజనాలయ్యాక నీవెస్ తిరుగు ప్రయాణం కట్టింది. సోమవారం పొద్దున వకీలు దగ్గర పని. తల్లి కారు కిటికీ పట్టుకుని, చేరగానే ఫోన్ చెయ్యి, గ్యాసు చూసుకో, మంచం దగ్గర కాఫీ ఇక నువ్వే పెట్టుకోవాలి అంది. ఇద్దరూ గొడవపడటానికి ఏమైనా ఉందా అని కాసేపు చూశారు. ఏమీ దొరకలేదు.

కారులో ఒక్కతే. దారి కాయితం మీద గీసినట్టు తిన్నగా వచ్చింది. మెరిద, కాసెరెస్ చకచకా వచ్చి వెళ్ళిపోయాయి. ప్లసెన్సియ దాటేసరికి ఇంకా అయిదు కూడా కాలేదు. ఈ లెక్కన చీకటి పడేలోపు లియోన్‌లో ఉండొచ్చు అనుకుంది. మెట్లెక్కి, తాళం తీసి, సామాను లోపల పెట్టి, పొద్దున్న ఆఫీసుకి బట్టలు...

నాలుగు వందల యాభై రెండో రాయి తర్వాత ఒక తెల్లరాయి వచ్చింది.

నీవెస్ పక్క సీటు వైపు చూసింది. ఖాళీ. వెనక సీటు చూసింది. పెళ్ళి మిఠాయి డబ్బా తప్ప ఏమీ లేదు. ఇంకో తెల్లరాయి. మూడోది, నాలుగోది. వేగం పెంచింది. పన్నెండు. ముప్ఫై. బెహర్ కొండ ఎంతసేపు చూసినా అంతే దూరంలో, అదే రంగులో ఉంది. నలభై దాకా లెక్కపెట్టి, ఆమె కారు పక్కకి ఆపి దిగింది.

"ఎవరితో నాకు గొడవ?" అని పైకే అంది.

గాలి లేదు, మనిషి లేదు. ఆమె ఆ తెల్లరాయి మీద కూర్చుని, తాళం తీసి లోపలికి వెళ్ళే ఇంటిని తలుచుకుంది. ఆ ఇంట్లో ఆమెని ఆపేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. ఉండమనేవాళ్ళూ లేరు. వెళ్ళాలని ఆమెకి కొంచెం కూడా లేదు. ఈ సంగతి చెర్రీల ఆవిడకీ, పెట్రోలు బంకు మనిషికీ తెలియదు. ఆమెకే ఇప్పటిదాకా తెలియదు. దారికి తెలిసింది.

చాలాసేపు కూర్చుంది. విసుగొచ్చేదాకా కూర్చుంది. తర్వాత లేచి, గౌను దులుపుకుని, కారు వెనక్కి తిప్పింది.

మొదటి మలుపులోనే ప్లసెన్సియ వచ్చేసింది. పాత నీటి కాలువ కమాన్ల కింద పిల్లలు బంతి తన్నుకుంటున్నారు, ఇళ్ళ గుమ్మాల్లో కుర్చీలు వేసుకుని ఆడవాళ్ళు కబుర్లు చెప్పుకుంటున్నారు. ఒక తలుపు మీద గది అద్దెకు అని రాసుంది. తలుపు తీసినావిడ చేతికి పిండి అంటుకుని ఉంది.

"ఒక్కదానివేనా?"

"ఒక్కదాన్నే."

"ఎన్నాళ్ళుంటావమ్మా?"

జీవితంలో ఇలాంటి ప్రశ్నకి నీవెస్ ఎప్పుడూ తడుముకోలేదు. సెలవులెన్ని, తిరిగి ఎప్పుడు రావాలి, ఎవరికి చెప్పాలి, అన్నీ ముందే లెక్క చూసుకునే మనిషి. జవాబు కోసం వెతికింది. వెతుకుతున్నంతసేపూ భయం వేస్తుందేమోనని ఎదురుచూసింది. వెయ్యలేదు.

"తెలీదండీ" అంది.

"సరే, లోపలికి రా. పొయ్యి మీద నూనె మాడిపోతోంది" అంది ఇంటావిడ.

నీవెస్ ఆ గదిలో నాలుగేళ్ళుంది. ఆ తర్వాత అదే వీధిలో ఇల్లు తీసుకుంది.